తెర వేయమంటే తెరిచినాడు

నాటకాలకు తెరలు, వేషాలు కిరాయికిచ్చే ఆదోని ఆసామితో బేరమాడి గెలిచినోడు నాకు తెలిసి నేనొక్కణ్ణే. ముందు తెర, వెనక తెర, పక్క తెరలు, వాటికి తీగలు, తాళ్ళు, రింగులు, అన్నీ ఒక పగలుకు మాట్లాడుకున్నాం. ఆయన చెప్పినదాన్ని సగానికి దించినా. చివర్లో ఆయన, "తెర లాగేదానికి మా మనిషి వస్తాడు, వానికి ఇరవై రూపాయలు" అన్నాడు. నేను నవ్వినా. "తాడు లాగేదానికి ఇరవై ఏమిటికప్పా? మా అంగడికి మూటలు మోసే హమాలీ క్వింటాలు బరువు లాగుతాడు. గుడ్డ లాగలేడా?" అని ఆ ఇరవై కొట్టేయించినా. ఆయన చాయ గ్లాసు కింద పెట్టి, "నీ ఇష్టం సావుకారీ. తాడు లాగడం వేరు, తెర లాగడం వేరు" అన్నాడు. ఓడిపోయినోడు పోతా పోతా అనే మాట అనుకొని చెప్పులేసుకొని వచ్చేసినా.

ఆ ఇరవై రూపాయల గెలుపును చాన్నాళ్ళు చెప్పుకొని తిరిగినా. ఎట్ల గెలిచినానో చెప్పేవాణ్ణి, తర్వాత ఏమైందని ఎవరన్నా అడిగితే మాట మార్చేవాణ్ణి. ఇప్పుడు మొత్తం చెప్తా.

డెబ్బైల చివర్లో సంగతి ఇది. మాది ఆదోనిలో బట్టలంగడి. మా నాయన, పెదనాయన, మేనమామలు అందరూ అంగళ్ళోళ్ళే. నాకు మాటలు రాకముందే ధర తగ్గించడం వచ్చిందని మా అమ్మ అనేది. వారానికొకసారి ఎమ్మిగనూరు పోయి మగ్గాల దగ్గర తువ్వాళ్ళు, దుప్పట్లు, పంచెలు కొనుక్కొచ్చేది నా పని. ఆడ ఒక నేతాయనతో నా బేరం పొద్దున మొదలైతే భోజనం వేళకు గాని తెగేది కాదు. ఒకరోజు ఆయన ఉన్నట్టుండి, "నువ్వు చెప్పిన ధరకే తీసుకో. కానీ సాయంత్రం దాకా ఉండి మా నాటకానికి పుస్తకం పట్టుకోవాల" అన్నాడు.

"పుస్తకం పట్టుకునేదేంది?"

"మేము మాట మర్చిపోతే నువ్వు పక్కనుంచి అందించాల. అది మాకు వినపడాల, జనానికి వినపడకూడదు. నీకంటే బాగా ఎవరు చేస్తారు? మొన్న నా ఎదురుగానే నీ గుమాస్తాతో నా సరుకును తిడితివి. నాకు ఒక్క ముక్క వినపడలేదు."

"వినపడకపోతే తిట్టినానని ఎట్ల తెలిసె?"

"నీ మొహం చూస్తే తెల్వదా."

అట్ల నేను నాటకంలోకి దిగినా. సరుకు చవగ్గా వచ్చింది కదా అని.

నాటకం రాసినాయన ఎమ్మిగనూరు బడిలో తెలుగు చెప్పే సారు. సన్నటి మనిషి. చేతిలో సుద్దముక్క లేకపోయినా ఉన్నట్టే వేళ్ళు పట్టుకొని మాట్లాడేవాడు. వేషాలు వేసేవాళ్ళంతా నేతపనివాళ్ళు. పొద్దు వాలినాక మగ్గాలు ఆపి, ఆ మగ్గం గుంతల పక్కనే నిలబడి మాటలు ఒప్పజెప్పేవాళ్ళు. నేను మొదటిసారి పోయినప్పుడు సారు అందరినీ కూర్చోబెట్టుకొని, "ఇంక ఆహార్యం సంగతి ఎవరు చూస్తారు?" అని అడిగినాడు. ఎవరూ తల ఎత్తలేదు. కొత్తగా వచ్చినోణ్ణి, పెద్దరికం చూపించుకుందామని నేనే చెయ్యెత్తినా.

"నేను చూసుకుంటాలే సార్. మనిషికి ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు, ఒక చాయ. చాలు గదా?"

నేతాయన నోట్లోని చాయ ముందరకు చిమ్మింది. సారు మాత్రం నవ్వలేదు.

"చాలదు నాయనా. నాలుగు పంచెలు, నాలుగు అంగీలు, రెండు తలగుడ్డలు కూడా కావాలి. ఆహార్యం అంటే తినేది కాదు, కట్టుకునేది."

బట్టలంగడోని నోటినుంచి మాట వచ్చేసింది, పదిమంది విన్నారు. వెనక్కి తీసుకుంటే ఎమ్మిగనూరులో నాకు తువ్వాలు ముక్క పుట్టదు. ఉగ్గానీ పెట్టినా, పంచెలూ ఇచ్చినా. ఆ రోజే సారు మాకు నటనలో నాలుగు రకాలు చెప్పినాడు. చేతులు, కాళ్ళు, కళ్ళు ఆడించి చెప్పేది ఆంగికం. నోటితో పలికేది వాచికం. ఒంటిమీద వేసుకునే బట్టా రంగూ ఆహార్యం. నాలుగోది సాత్త్వికం. కన్నీళ్ళు రావడం, గొంతు వణకడం, మొహం పాలిపోవడం.

"మొదటి మూడూ నేర్చుకుంటే వస్తాయి. నాలుగోది రమ్మంటే రాదు. దానంతట అది రావాలి" అన్నాడు సారు.

"అది యాడ దొరుకుతాది సార్?" అన్నా నేను.

"ఆ అంగడి నాకూ తెలీదు. తెలిస్తే నీకంటే ముందు నేనే పోయేవాణ్ణి."

పుస్తకం పట్టుకునే పనిలో నా మొదటి తప్పు ఆ వారమే జరిగింది. సారు చేతిరాతలో, నేతాయన వేసే అన్న వేషం మాటల ముందర కుండలీకరణంలో ఒక పదం ఉంది. నేతాయన మాట మర్చిపోయి నా వైపు చూసినాడు. నేను కనపడింది కనపడినట్టు అందించినా: "స్వాగతం. ఈ మగ్గం నాది కాదంటే నేనెవర్ని..." ఆయన చేతులు జోడించి, నవ్వు మొహం పెట్టి, "స్వాగతం" అని అందరికీ నమస్కారం చేసి, ఆ వెంటనే, "ఈ మగ్గం నాది కాదంటే నేనెవర్ని" అని ఏడ్చినాడు. 

సారు పుస్తకం నా చేతిలోనుంచి తీసుకొని ఆ పదం కింద వేలు పెట్టినాడు. "దీర్ఘం లేదు నాయనా. స్వగతం. అందరి సరుకులోనూ తగ్గిస్తావు కదా, దీంట్లో ఒక్క దీర్ఘం తగ్గించలేకపోయినావా?"

స్వగతం అంటే మనసులో అనుకునే మాట అని సారు చెప్పినాడు. ప్రకాశం అంటే ఎదుటివానికి పైకి చెప్పే మాట. నాకు ఇట్టే అర్థమైంది. మా అంగట్లో పొద్దంతా జరిగేది అదే. కొనేదానికి వచ్చినామె చీర పట్టుకొని చూస్తాంటే నా స్వగతం, 'ఆర్నెల్లనుంచి ఇది కదిలింది లేదు.' నా ప్రకాశం, 'ఇప్పుడే మూట విప్పినాము తల్లీ.' పక్కనున్నోళ్ళకు తెలియకుండా ఒకరితోనే మాట్లాడితే దాన్ని జనాంతికం అంటారంట. కొనేవాళ్ళ ఎదురుగా మా నాయన, నేను గుర్తుమాటల్లో ధర మాట్లాడుకునేది గుర్తొచ్చింది. వేషాలు వేసుకునే తెర వెనక చోటు నేపథ్యం. మా అంగడి వెనక గది, పాత సరుకుకు కొత్త చీటీలు అంటించేది ఆడే. ఇవన్నీ సారుకు చెప్తే ఆయన మొదటిసారి నవ్వినాడు. "అయితే నీకు నేను నేర్పేది ఏమీ లేదు, పేర్లు తప్ప" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ తీసి చూసుకుంటా ఉంటా. నా పనికి పేర్లు ఉండాయని, అవి అంత పాతవని చెప్పినాయన ఆయనే.

"కానీ ఒక తేడా ఉంది" అన్నాడు సారు. "అంగట్లో నీ స్వగతం ఎవరికీ వినపడదు. నాటకంలో పక్కన నిలబడినవానికి వినపడదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళందరికీ వినపడుతుంది. అది నియమం. పక్కనే ఉన్న అన్నకు వినపడని మాట, ఆఖరు వరసలో కూర్చున్నవానికి వినపడాలి."

ఇది ఆయన రెండుసార్లు చెప్పినాడు. ఎందుకు చెప్పినాడో నాకు అప్పుడు తెలీదు.

నాటకం కథ చిన్నది. ఇద్దరు అన్నదమ్ములు, ఒక మగ్గం. తండ్రి చనిపోయినప్పుడు తమ్ముడు వేరే ఊర్లో నూలుకు రంగు అద్దే పనిలో ఉంటాడు. కబురు విని, మోచేతులదాకా నీలిరంగుతోనే పరుగెత్తుకొని వస్తాడు. ఆ చేతులతో పాడె ముట్టుకోవద్దని అన్న అడ్డం నిలబడతాడు. అప్పటినుంచి మాటల్లేవు. మిగతా నాటకమంతా మగ్గం ఎవరిదని తగువు. ఆఖరి రంగంలో అన్న మంచంమీద అటు తిరిగి పడుకొని ఉంటాడు, తమ్ముడు గడపలో నిలబడి స్వగతం చెప్తాడు, తెర పడుతుంది. అంతే. అన్న వేషం నేతాయనది. తమ్ముడి వేషం మొదట ఇంకొకరిదే గానీ, నెల తర్వాత సారు తానే వేస్తానన్నాడు.

ఒక సాయంత్రం ఎమ్మిగనూరు బస్టాండుదాకా సారు నాతో నడిచి వచ్చినాడు. దారిలో, "మాధవరం నుంచి నీ అంగడికి ఒకాయన వస్తారు. శ్రావణంలో, గుడికి వస్త్రాలు కొనేదానికి" అన్నాడు.

నాకు తెలుసు ఆయన. తుంగభద్ర ఒడ్డున గుడిసేవ చేసుకొనే కుటుంబం. పొడుగు మనిషి, మాట తక్కువ. మా అంగడికి వచ్చేవాళ్ళల్లో బేరమాడనిది ఆయనొక్కడే. దేవుని గుడ్డకు బేరమాడకూడదంట. అట్ల బేరమాడని మనిషి ముందర నాకు చేతులు ఆడేవి కావు. ఎక్కువ చెప్దామంటే సిగ్గు, తక్కువ చెప్దామంటే అలవాటు లేదు.

"ఆయన మా అన్న" అన్నాడు సారు.

తర్వాత మిగతాది చెప్పినాడు. వాళ్ళ నాయన పోయినప్పుడు సారు వేరే ఊర్లో నాటకంలో ఉన్నాడు. కబురు అందేసరికి మొహానికి రంగు. బస్సుకు టైము లేదని గబగబా తుడుచుకొని పరుగెత్తినాడు. చెవుల వెనక, మెడమీద రంగు అట్లనే ఉంది. గుమ్మంలో అన్న చూసినాడు. "ఆ రంగుతో ఈ గడప ఎక్కొద్దు" అన్నాడు. అప్పటికి పదకొండేండ్లు. వదిన ద్వారా క్షేమసమాచారాలు తెలిసేవి గానీ, ఒకరికొకరు మాట్లాడింది లేదు, ఒకరి గడప ఒకరు ఎక్కింది లేదు.

"ఆయన వచ్చే రోజే నాటకం పెట్టుకుందాం. ఆదోనిలోనే. పగలే. సాయంత్రం దీపం వెలిగించేసరికి ఆయన గుళ్ళో ఉండాలి. నువ్వు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు సారు. అని, రెండడుగులు నడిచి, "ఎదురుగానే. పక్కన కాదు" అన్నాడు.

అప్పుడు తెలిసింది ఆ నియమం రెండుసార్లు ఎందుకు చెప్పినాడో.

పత్తి ఇంకా రాని రోజులు. తెలిసిన మిల్లులో ఒక షెడ్డు ఖాళీగా ఉంటే అడిగినా, ఇచ్చినారు. తలుపులు మూసి, రెండు పెద్ద బల్బులు పెడితే లోపల చీకటి చాలు. బల్లలు పరిచి వేదిక కట్టినాం. తెరలు వచ్చినాయి. ముందు తెర పక్కలకు లాగేది, మధ్యలో చీలి రెండు వైపులకు పోతాది. తెల్ల తాడు లాగితే తెరుచుకుంటాది, ఎర్ర గుడ్డ కట్టిన తాడు లాగితే మూసుకుంటాది. 

రెండు తాళ్ళూ మా హమాలీ చేతికిచ్చినా. వాడు ఆలూరు అవతల కన్నడం ఊర్లనుంచి వచ్చినోడు. పనికి కావలసినంత తెలుగు వచ్చు. ఎత్తు, దించు, లాగు, మెల్లగా, జల్దీ. తెరను వాడు పరదా అనేవాడు. మాటవరసకు మేమందరమూ పరదా అనేవాళ్ళమే, ఆదోనిలో ఎవరైనా అంతే. "ఒక ఈల వేస్తే పరదా మూయి, రెండు ఈలలేస్తే తియ్యి" అని చెప్పినా. రెండు రంగాలు అట్లనే అభ్యాసం చేసినాం. వాడు ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. చూసినావా, ఇరవై రూపాయలు మిగిలినాయి అని నేతాయనతో అన్నా.

నాటకం రోజు పొద్దున సారు అన్న అంగడికి వచ్చినాడు. వస్త్రాలు తీసి ముందర పరిచినా. ఎప్పుడూ లేనిది నేనే మొదలుపెట్టినా.

"స్వామీ, మీరు బేరమాడరు. ఈ రోజు నేను ఆడతా. ఈ వస్త్రాలకు ధర వద్దు. బదులుగా ఈ పక్క మిల్లులో ఒక గంట కూర్చోండి. నాటకం ఉంది."

ఆయన వస్త్రం అంచు మడత సరిచేస్తా, "ఎవరిది?" అన్నాడు.

చెప్పినా. ఆయన మొహంలో ఏమీ మారలేదు. రెండు వస్త్రాలు ఏరుకున్నాడు, డబ్బు తీసి లెక్కపెట్టి గల్లాపెట్టె మీద పెట్టినాడు.

"దేవుని గుడ్డ ఊరక తీసుకోకూడదయ్యా. ధరా తీసుకో, గంటా తీసుకో. నాలుగింటి బస్సుకు మాత్రం పోవాల."

నలభై ఏండ్ల అంగడి జీవితంలో నన్ను అంత సుళువుగా ఓడించినోడు ఇంకొకడు లేడు.

మొదటి వరసలో, నడిమిన, చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు ఆయన. షెడ్డు నిండా జనం, బయట ఎండ, రేకుల కింద ఉక్క. నేను పక్క తెర వెనక, పుస్తకం పట్టుకొని, అంగీ విప్పేసి బనీనుతో నిలబడినా. నాకు ఎదురుగా, అవతలి పక్క తెర దగ్గర హమాలీ, రెండు చేతుల్లో రెండు తాళ్ళు. ఈల నా మెడలో.

మొదటి రెండు రంగాలూ బాగానే నడిచినాయి. నేతాయన ఒక్కచోట మర్చిపోయినాడు, అందించినా, జనానికి వినపడలేదు. మూడో రంగానికి ముందర సారు నా దగ్గరికి వచ్చినాడు. మొహానికి రంగు, మోచేతులదాకా నీలం. ఆ నీలిచేతులు ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకొని ఉన్నాడు. 

"ఆఖర్లో ఈల వేయవద్దు. ఆ మాట మీద ఈల వేస్తే మాట చస్తుంది. నోటితో మెల్లగా చెప్పు, తెర మెల్లగా పడాలి."

"సరే సార్."

"ఆయన ఉన్నాడా?"

"ఉన్నాడు. కదల్లేదు."

"టైమెంత?"

"మూడున్నర."

మంచంమీద నేతాయన అటు తిరిగి పడుకున్నాడు. సారు గడపలో వచ్చి నిలబడినాడు. స్వగతం చెప్పేవాడు మంచం వైపు చూడకూడదు, జనం వైపు చూడాలి. ఆయన అట్లనే చూసినాడు. మొదటి వరస నడిమిన.

"అన్నా. కడుక్కునేదానికి నీళ్ళు లేక కాదు నేను రంగుతో వచ్చింది. చేతులు కడుక్కుంటే పని ముగించుకొని వచ్చినట్టు. పని ముగించి వచ్చినానంటే, నాయన పోయింది నిజమే అని ఒప్పుకున్నట్టు. ఒప్పుకోలేక, పనిలోనుంచి పిలిస్తే వచ్చినట్టు వచ్చినా. ఇంట్లోకి పోతే నాయన లేచి కూర్చొని, ఏమిరా ఇంకా చేతులు కడుక్కోలేదా అని తిడతాడనుకున్నా. ఆ తిట్టు కోసం వచ్చినా అన్నా."

పుస్తకంలో అంతే ఉంది. దాని కింద కుండలీకరణంలో (తెర).

ఆ చేతిరాత నాకు ఇప్పటికీ కళ్ళల్లో ఉంది. ఆరు నెలలుగా సారు దగ్గర పేర్లు నేర్చుకున్న గొప్ప కూడా ఉంది నాకు. పరదా అనడానికి ఆ క్షణంలో నోరు రాలేదు. పుస్తకంలో ఎట్లుంటే అట్ల, సారు పలికినట్టు చక్కగా, అవతలి పక్కకు అన్నా: "తెర."

హమాలీ నా వైపు చూసినాడు. వాని కన్నడంలో తెరె అంటే తెరువు అని. పరదా తెరిచే ఉంది. వాడు చేతిలోని తెల్ల తాడు చూసుకొని, వేదిక చూసి, నా వైపు తిరిగి పెదాలాడించినాడు. "తెరదైతల్ల సావుకార్రే." తెరిచే ఉంది కదా అని.

"తెర, తెర" అన్నా నేను. పుస్తకం పట్టుకున్న చేత్తోనే లాగమని సైగ చేసినా.

ఇంకా తెరవమంటాండాడు సావుకారి అనుకున్నాడు వాడు. క్వింటాలు మూటలు లాగే చేతులు. తెల్ల తాడు ఒడిసిపట్టి ఒక్క గుంజు గుంజినాడు. నా వైపు తెర చివరదాకా పోయి, రింగులు టపటపమని ఊడి, సగం చిరిగి, పక్క తెరతో సహా కింద పడింది. బనీనుతో, మెడలో ఈలతో, చేతిలో పుస్తకంతో నేను రెండు వందల మంది ఎదురుగా నిలబడి ఉండా. వెనక వరసలో నా దగ్గర బట్టలు కొనే ఒకామె, "అది మన చీరల సావుకారి కాదా" అనింది. అందరూ నవ్వినారు.

సారు నవ్వలేదు, కదల్లేదు. తెర పడేదాకా నటుడు చోటు విడవకూడదని మాకు చెప్పింది ఆయనే. చెప్పాల్సిన మాట అయిపోయింది, పోయేదానికి తెర లేదు. నీలిచేతులు అట్లనే దూరంగా పెట్టుకొని, మొదటి వరస వైపు చూస్తా నిలబడిపోయినాడు. రంగు పూసుకున్న మొహం కింద గొంతు పైకీ కిందికీ ఆడతాంది. నవ్వు తగ్గింది. మంచంమీద నేతాయన లేవాలో వద్దో తెలీక మెల్లగా ఒక కన్ను తెరిచినాడు.

అప్పుడు ఆ మొదటి వరసాయన చేతిసంచి సర్దుకొని లేచినాడు. బస్సుకు పోతాండాడు అనుకున్నా.  ఆయన వేదికదాకా వచ్చి నిలబడినాడు.

"వినపడిందిలేరా" అన్నాడు.

సారు నా వైపు చూసినాడు. ఆ తర్వాత పుస్తకంలో మాట లేదు, నేను అందించేదానికీ లేదు.

"ఇంత మాట పదకొండేండ్లు నోట్లో పెట్టుకొని ఎట్లుంటివిరా" అన్నాడు ఆయన. తర్వాత గోడ మీది గడియారం వైపు చూసి, "దిగు. బస్సు పోతాది" అన్నాడు.

"రంగు..." అన్నాడు సారు. గొంతు లేదు ఆయనకు.

"రంగు ఏట్లో కడుక్కుందువులే. నడు."

సారు బల్లలమీదనుంచి దిగినాడు. దిగేటప్పుడు అన్న చెయ్యి అందించినాడు. నీలం ఆయన చేతికి అంటుకుంది, ఆయన తుడుచుకోలేదు. జనం దారి ఇచ్చినారు. మొహానికి రంగుతో, నా అంగడి పంచెతో, నా అంగడి అంగీతో సారు అన్న వెనకాల మిల్లు గేటు దాటి బస్టాండు వైపు నడిచిపోయినాడు. చప్పట్లు కొట్టాలని అప్పటికి గాని ఎవరికీ తోచలేదు.

హమాలీ తాడు పట్టుకొనే ఉన్నాడు. కళ్ళు తుడుచుకొని, "ఈగ ముచ్చలా?" అన్నాడు. ఇప్పుడు మూయాలా అని.

తెర అనుకున్నట్టు పడి ఉంటే ఏమయ్యేది? సారు తెర వెనక, అన్న తెర ముందర. ఆయన లేచి, బస్టాండు దారి పట్టేవాడు. విన్నాడో లేదో, విని ఏమనుకున్నాడో సారుకు తెలిసేది వదిన ద్వారానే. మధ్యలో ఇంకో పదకొండేండ్లు. ఇది నేను అంగట్లో కూర్చొని చాలాసార్లు అనుకున్నా. అనుకొని అనుకొని కొన్నేండ్లకు, కావాలనే నేను తెర వేయించలేదని కూడా ఒకరిద్దరికి చెప్పినా. అబద్ధం. నేను చేసింది ఇరవై రూపాయల పిసినారితనం, ఒక పదం పలికి గొప్ప చూపించుకోవడం. మిగతాది సారు రాసిన మాట, హమాలీ విన్న మాట, ఆ అన్న విన్న మాట. సాత్త్వికం ఎక్కడ దొరుకుతుందో ఆ రోజు చూసినా. సారు గొంతులో చూసినా, ఆయన గొంతు పోయిన తర్వాత. నేను దానికి చేసింది తెర చింపించి అడ్డం తొలగడమే.

మరుసటి శ్రావణం అన్నదమ్ములిద్దరూ కలిసి వచ్చినారు. అన్న వస్త్రాలు ఏరుకుంటాంటే సారు పక్కన కూర్చొని, "ఇది కొంచెం తగ్గించు నాయనా" అన్నాడు. అన్న కళ్ళెర్ర చేసి చూసినాడు. "దేవుని గుడ్డరా." సారు నా వైపు మూడు వేళ్ళు అడ్డం పెట్టుకొని, అన్నకు వినపడనట్టు, "జనాంతికం" అన్నాడు. పక్కనే ఉన్న ఆయనకు బాగానే వినపడింది, నవ్వినాడు. ఆ మనిషి నవ్వడం అదే మొదటిసారి చూడడం. పోయేటప్పుడు సారు సంచిలోనుంచి నా పంచె తీసి ఇచ్చినాడు. ఏట్లో ఉతికినారంట, ఆరేసినారంట. అంచున నీలం అట్లనే ఉంది. అంగీ మాత్రం అన్న తొడుక్కుంటాండాడంట, అడగలేకపోయినానన్నాడు సారు.

ఇంక లెక్క. తెర లాగే మనిషికి ఇవ్వకుండా మిగిల్చింది ఇరవై. చిరిగిన తెరకు, ఊడిన రింగులకు కిరాయి ఆసామి వసూలు చేసింది నలభై ఐదు, బేరం లేకుండా. ఆ పాత మాట కూడా ఎత్తలేదు ఆయన, చేయి చాపినాడు అంతే. అంగీ పదకొండు. నీలం మరకతో అమ్ముడుపోని పంచె ఏడు. హమాలీకి ఆ ఇరవై నేనే పిలిచి ఇచ్చినా. "పరదా మూయనే లేదు, కూలి యాకె?" అన్నాడు, ఎందుకని. తీసుకోమన్నా. అన్నీ కూడితే ఎనభై మూడు. మిగిల్చిన ఇరవై తీసేస్తే అరవై మూడు రూపాయలు నష్టం. ఉగ్గాని, బజ్జీలు రాయలేదు, వాటిల్లో నేనూ తిన్నా.